ఇక్కడ తినొచ్చా? షియాన్ ముస్లిం వీధిలో హలాల్ కథ

మలేషియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 2023 డిసెంబరు నుంచి చైనా వెళ్లడానికి వీసా అక్కర్లేదు. 2025 జూన్‌లో సౌదీ, ఒమన్, కువైట్, బహ్రెయిన్ కూడా ఆ జాబితాలో చేరాయి. వీసా తలనొప్పి పోయింది సరే, కానీ పందిమాంసం, పందికొవ్వు అడుగడుగునా వాడే దేశంలో పిల్లాపాపలతో దిగిన ముస్లిం కుటుంబానికి మొదటి పూటే ఎదురయ్యే ప్రశ్న అలాగే ఉంది: ఇక్కడ తినొచ్చా? దీనికి ఎక్కువమంది చెప్పే జవాబు షియాన్ నగరంలోని ముస్లిం వీధి. తీరా అక్కడికి వెళ్లాక కూడా కొందరికి అనుమానం తీరదు. వాళ్ల దేశంలో ప్యాకెట్టు మీదా హోటల్ గోడ మీదా చూసే హలాల్ ముద్ర అక్కడ ఉండదు, చైనా లిపిలో 'చింగ్‌జెన్' (హలాల్‌కు చైనీస్ మాట) అని రెండక్షరాలు ఉంటాయి, అంతే. ఆ రెండక్షరాల వెనక ఎవరున్నారో తెలిస్తే అనుమానం సగం తీరుతుంది, మిగతా సగం ఎందుకు తీరదో కూడా అర్థమవుతుంది.

షియాన్ పాత పేరు చాంగాన్. తాంగ్ వంశం ఏలిన రోజుల్లో (618–907) సిల్క్ రోడ్డుకు తూర్పు కొస అదే. పర్షియా నుంచి, అరబ్బు దేశాల నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చిన వర్తకులు కొందరు ఇక్కడే పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారు. తర్వాత మంగోలుల కాలంలో వచ్చినవాళ్లు, ఇస్లాం తీసుకున్న స్థానికులు కలిశారు. వీళ్ల సంతతే ఇవాళ్టి హుయ్ ముస్లింలు. మాట్లాడేది చైనీసే, వంటింట్లో మాత్రం పంది ఊసుండదు. 2020 జనాభా లెక్కల ప్రకారం చైనా మొత్తమ్మీద హుయ్‌లు కోటీ 13 లక్షల పైనే.

ఆ వీధి పక్క సందులోనే షియాన్ పెద్ద మసీదు ఉంది. అందులోని ఒక శాసనం 742లో కట్టారని చెబుతుంది గానీ, ఆ శాసనం తర్వాతెప్పుడో చెక్కిందేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇప్పుడున్న కట్టడం మాత్రం 1392 ప్రాంతంలో, మింగ్ కాలంలో రూపుదిద్దుకుంది. గుమ్మటం లేదు, పొడవాటి మినార్లు లేవు, వంపు తిరిగిన చైనా పైకప్పులు, ఒకదాని వెనక ఒకటిగా ముంగిళ్లు. చైనాలో ఆలయాలు మామూలుగా దక్షిణం వైపు చూస్తాయి, ఇది మాత్రం మక్కా దిక్కు కోసం తూర్పు నుంచి పడమరకు పరుచుకుని ఉంటుంది. అక్కడ కాసేపు నిలబడితే చాలు, ఇస్లాం చైనాకు పరాయిదన్న వాదన ఎంత బోలుదో తెలిసిపోతుంది.

ఇక తిండి. అసలు మజా ఇక్కడే. పావ్‌మో అడిగితే ముందు ఖాళీ గిన్నె, గట్టిగా కాల్చిన గుండ్రటి రొట్టెలు తెచ్చి పెడతారు. తినేవాళ్లే వాటిని చేత్తో తుంచాలి, శనగ గింజంత ముక్కలుగా, ఓపిగ్గా. పెద్ద ముక్కలు చేస్తే పులుసు లోపలికి పట్టదు. తర్వాత ఆ గిన్నె వంటింట్లోకి వెళ్లి, గంటల తరబడి ఎముకలతో మరిగిన గొర్రె పులుసులో ముక్కలు ఉడికి, పైన మాంసం, సేమ్యాలాంటి సన్నటి నూడుల్స్‌తో తిరిగొస్తుంది, పక్కన తియ్యగా ఊరబెట్టిన వెల్లుల్లి, మిరప ముద్ద. టోంగ్ షెంగ్ షియాంగ్ అనే హోటల్ 1920 నుంచి ఇదే వండుతోంది, వాళ్ల పావ్‌మో 2008లో చైనా జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. అలాగే రొట్టె మధ్యలో మాంసం కూరి ఇచ్చే రౌజియామో. ఊళ్లో మామూలు బండి దగ్గర అది పందిమాంసం, ముస్లిం వీధిలో ఉప్పులో ఊరేసి ఉడికించిన గొడ్డుమాంసం. పేరు ఒకటే కాబట్టి కొత్తగా వెళ్లినవాళ్లు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి.

ఈ పేట ఇంత ఇరుకుగా, కోటగోడల మధ్య ముద్దగా ఎందుకుందో చాలామంది పట్టించుకోరు. 1862లో షియాన్ ఉన్న షాన్‌షీ రాష్ట్రంలో హుయ్‌లకూ మెజారిటీ జాతి అయిన హాన్ చైనీయులకూ మధ్య చెలరేగిన హింస పెద్ద తిరుగుబాటుగా మారి, 1873 దాకా సాగింది. పల్లెల్లోని హుయ్ ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, బతికినవాళ్లు పడమటనున్న గన్సు రాష్ట్రం వైపు పారిపోయారు, కొందరు ఇంకా ముందుకెళ్లి 1877లో రష్యా సామ్రాజ్యంలోకి దాటారు. వాళ్ల వారసులైన డుంగాన్లు ఇప్పటికీ కిర్గిజ్‌స్తాన్, కజక్‌స్తాన్‌లలో ఉన్నారు. షాన్‌షీలో పెద్ద సంఖ్యలో మిగిలింది షియాన్ గోడల లోపల చిక్కుకుపోయిన హుయ్‌లే. ఇవాళ టూరిస్టులు ఫొటోలు దిగే వీధి అలా ప్రాణాలతో బయటపడ్డవాళ్ల పేట. దాన్ని ఉత్త తిండి బజారుగా చూస్తే నాకు మనసొప్పదు.

కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక హుయ్‌లకు ఒక జాతిగా గుర్తింపు దక్కింది. చింగ్‌జెన్ తిండి మతం వ్యవహారంగా కాక ఆ జాతి ఆచారంగా, జాతుల శాఖ చేతికి వెళ్లింది. మావో నడిపిన సాంస్కృతిక విప్లవంలో (1966–76) మసీదులు మూతపడ్డాయి, కొన్నిచోట్ల ముస్లింల చేత బలవంతంగా పందులు పెంచించారు. 1978 తర్వాత తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. యూనివర్సిటీల్లో చింగ్‌జెన్ క్యాంటీన్లు ఉంటాయి, చైనాలో ఎంబీబీఎస్ చదివిన మన ముస్లిం పిల్లలకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. దేశమంతటికీ ఒకే చట్టం లేదు, ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివి. వంటవాళ్లలో, మాంసం కొనేవాళ్లలో ముస్లిం జాతులవాళ్లు ఉండాలని చాలాచోట్ల రూలు. మలేషియాలో అలా కాదు, అక్కడ ముద్ర వేసేది ప్రభుత్వ ఇస్లామిక్ విభాగం 'జాకిమ్', కోత దగ్గర్నుంచి గోదాము దాకా తనిఖీ చేసి. అక్కణ్నుంచి వచ్చినవాళ్లకు షియాన్ బోర్డు చాలదనిపించడంలో వింతేం లేదు.

టూరిజం పెరిగేకొద్దీ చిక్కులూ పెరిగాయి. 1990ల చివర్లో పేటలో మద్యం అమ్మకూడదని స్థానిక హుయ్‌లు కమిటీగా ఏర్పడి ప్రచారం చేశారు. తమ వీధి తమ చేతిలోంచి జారిపోతోందన్న బెంగ అప్పటికే మొదలైందన్నమాట. అసలు దెబ్బ మాత్రం పైనుంచి పడింది. చాలా ఏళ్లు నలిగిన జాతీయ హలాల్ చట్టం ముసాయిదాను 2016లో పక్కన పెట్టేశారు. హలాల్ హద్దు మీరి పాకుతోందంటూ 2018 అక్టోబరులో వాయవ్య చైనాలోని షిన్‌జియాంగ్ రాజధాని ఉరుమ్చిలో పార్టీ అధికారులు దానిపై పోరాటానికి ప్రతిజ్ఞ చేశారు. 2019లో బీజింగ్‌లో హోటళ్ల బోర్డుల మీద అరబిక్ అక్షరాలు, నెలవంక తీసెయ్యాలని హుకుం జారీ అయింది. అక్కడ న్యూజియే పేటలో 996లో వెలిసిన మసీదు ఉంది, ఆ ఊళ్లో హలాల్ వంట నిన్నమొన్నటిది కాదు. షిన్‌జియాంగ్‌లో ఉయ్‌ఘర్ల మీద (అక్కడి తుర్కిక్ ముస్లిం జాతి) జరిగింది ఇంకా దారుణం, మానవాళిపై నేరాల కిందికి రావచ్చని 2022 ఆగస్టులో ఐరాస మానవ హక్కుల కార్యాలయమే నివేదిక ఇచ్చింది. అదే సమయంలో షిన్‌జియాంగ్‌లోనే ఉన్న కష్గర్ పాత పట్నాన్ని టూరిస్టు ఆకర్షణగా ముస్తాబు చేశారు.

ఒకవైపు అరబిక్ అక్షరం గోడ మీద ఉండొద్దంటారు, ఇంకోవైపు ఆ అక్షరం చూసి తినే యాత్రికులను వీసా లేకుండా రమ్మంటారు. ఈ రెండూ ఒకే ప్రభుత్వం చేస్తున్నవి. నష్టపోయేది హోటల్ నడుపుకునే హుయ్ కుటుంబం, ఆకలితో వచ్చిన కుటుంబం. నా దృష్టిలో ఇప్పటికీ నమ్మదగింది ఆ పేటలో ఉండేవాళ్ల తిండే. మెయిన్ రోడ్డు మీద వెలుగుల బోర్డులు వదిలేసి లోపలి సందుల్లోకి వెళ్తే, నమాజు అయ్యాక తెల్ల టోపీలతో వచ్చి కూర్చునే ముసలివాళ్లు కనిపిస్తారు. వాళ్లు తినే చోట మాంసం ఎక్కడిదని అడగండి, చెబుతారు. అద్దెలు పెరిగి, పిల్లలు శివార్ల అపార్టుమెంట్లకు వెళ్లిపోయి, ఆ పేటలో ముస్లింలే పలచబడితే ఆ జవాబు చెప్పేవాళ్లుండరు. మునిసిపాలిటీ ఆ వీధికి ఎన్ని దీపాలు పెట్టినా అప్పుడు ప్రయోజనం లేదు.