నాకౌటైన మర్నాడే పంచింగ్ బ్యాగ్ దగ్గరికా?

'రాకీ 3' చూసొచ్చినవాళ్లు బాక్సింగ్ నేర్పే నన్ను ఒకటే అడుగుతారు: "సార్, ఓడాక ఎంత తొందరగా సాధన మొదలుపెడితే అంత మంచిది కదా?" 1982 నాటి ఆ సినిమాలో ఛాంపియన్ రెండో రౌండ్‌లోనే నాకౌటై బెల్టు పోగొట్టుకుంటాడు. మళ్లీ గెలిచేదాకా చేసిన సాధనంతా తెరమీద నిమిషాల్లో అయిపోతుంది. తలదెబ్బ అలా మానదు.

అపోహ: స్పృహ తప్పలేదు కదా, తలకేం కాలేదు.

వాస్తవం: కంకషన్ (దెబ్బకి మెదడు కుదుపుకి లోనవడం) అయినవాళ్లలో ఎక్కువమందికి స్పృహ తప్పదు. సీటీ స్కాన్‌లో ఏమీ కనపడకపోవచ్చు కూడా. తలనొప్పి, వికారం, వెలుతురు చూడలేకపోవడం ఒక్కోసారి మర్నాటికిగానీ బయటపడవు.

నా దగ్గర ఒక కుర్రాడు స్పారింగ్‌లో (తోటివాడితో చేసే సాధన పోరు) కుడి చెయ్యి దించిన క్షణంలో దవడ మీద హుక్, అంటే పక్కనుంచి వంపు తిరిగొచ్చే గుద్దు, తిన్నాడు. నవ్వుతూ లేచాడు. మర్నాడొచ్చి, గ్లౌజుల కింద చుట్టే బ్యాండేజ్ ఎడమ చేతికి చుట్టుకున్నాడు. కుడి చేతికి చుట్టాల్సిన రెండో బ్యాండేజ్ తీసి, మళ్లీ ఆ ఎడమ బొటనవేలికే దాని ఉచ్చు తగిలించాడు. "తలనొప్పా?" అంటే "లేదు సార్." ఇంకోసారి అడిగితే ఏడ్చేశాడు. జట్టులోంచి తీసేస్తారని భయం. ఆ భయం నాకు తెలుసు, ఆ వయసులో నేనూ దాచినవాణ్ణే. కానీ మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. అమెచ్యూర్ నిబంధనల్లో తలదెబ్బతో నాకౌటైతే కనీసం 30 రోజులు పోటీ, స్పారింగ్ రెండూ బంద్ పెట్టింది ఇందుకే. ఆ తర్వాత కూడా డాక్టర్ సరేనంటేనే స్పారింగ్. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, మాట తడబాటు ఉంటే పడుకుంటే తగ్గుతుందనుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

అపోహ: హెడ్‌గార్డ్ ఉందిగా.

వాస్తవం: చర్మం చిట్లడం తగ్గుతుంది. లోపల మెదడు కుదుపుకి అది అడ్డం కాదు.

అపోహ: ఒకసారి పడ్డవాడి పని అయిపోయినట్టే.

వాస్తవం: వట్టి పుకారు. ఇది నమ్మి కుంగిపోయిన పిల్లల్ని చూశాను. 2001 ఏప్రిల్‌లో హసీమ్ రెహమాన్ చేతిలో నాకౌటైన హెవీవెయిట్ బాక్సర్ లెనాక్స్ లూయిస్, నవంబర్‌లో అతణ్ణే నాలుగో రౌండ్‌లో పడగొట్టాడు. మధ్యలో దాదాపు ఏడు నెలలు.

అపోహ: కసి ఉంటే చాలు.

వాస్తవం: కసి ఒక్కటే చాలదు, ఆట మార్చుకోవాలి. 2019 జూన్‌లో ఆండీ రూయిజ్ చేతిలో ఓడిన హెవీవెయిట్ బాక్సర్ ఆంథొనీ జాషువా డిసెంబర్‌లో అతనితోనే మళ్లీ పోటీకి బరువు తగ్గి వచ్చాడు. దూరంగా ఉంటూ, జాబ్‌తో (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) 12 రౌండ్లూ ఆడి పాయింట్ల మీద గెలిచాడు.

మా కుర్రాడు ఏడు వారాలకి స్పారింగ్‌కి వచ్చాడు. జాబ్ ఒక్కటే వెయ్యమన్నాను. మూడు రౌండ్లూ కుడి చెయ్యి దవడ దగ్గర్నుంచి కదల్లేదు.