ప్రార్థన చేశాం కదా, నీళ్లెందుకొచ్చాయి తాతయ్యా?

మన సండే స్కూల్ పిల్లలందరికీ తాతయ్య దీవెనలు.

గోదారి వరదకి ఇళ్లు వదిలి ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద కూర్చున్నప్పుడు మీలో ఒకరు అడిగారు: “రాత్రంతా ప్రార్థన చేశాం కదా తాతయ్యా, మరి నీళ్లు ఇంట్లోకి ఎందుకొచ్చాయి?” ఆ గోలలో చెప్పే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను.

1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ప్రార్థన చేసేవాళ్ల చెట్లూ పడ్డాయి, చేయనివాళ్ల చెట్లూ పడ్డాయి. నమ్మితే కష్టాలు రావని ఎవరైనా అంటే, అది బైబిల్ మాట కాదు. యెషయా 43 తీయండి. “నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును” అని ఉంటుంది. ఊరూ ఇల్లూ పోగొట్టుకుని బబులోను చెరలో ఉన్నవాళ్లకు చెప్పిన మాట. నీళ్లు రావని దేవుడు అనలేదు, దాటేటప్పుడు పక్కనే ఉంటానన్నాడు.

నాకు మరీ ఇష్టమైంది అపొస్తలుల కార్యములు 27. పౌలును ఖైదీగా రోమాకు తీసుకెళ్తున్న ఓడ తుపానులో చిక్కుకుంది. ఎన్నో రోజులు సూర్యుడు లేడు, నక్షత్రాల్లేవు. ఓడ పోతుంది గాని ఎవరి ప్రాణమూ పోదని దేవదూత చెప్పాడని పౌలు వాళ్లకు ధైర్యం చెప్పాడు. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఓడవాళ్లు చిన్న పడవలో పారిపోబోతుంటే, వీళ్లు లేకపోతే మీరు బతకరని సైనికులతో అన్నదీ అదే పౌలు! తర్వాత రొట్టె పట్టుకుని, దేవునికి కృతజ్ఞత చెప్పి, ముందు తను తిన్నాడు. అది చూసి మిగతావాళ్లూ తిన్నారు. ఈత వచ్చినవాళ్లు ఈది, రానివాళ్లు పలకలు పట్టుకుని, 276 మందీ ఒడ్డుకు చేరారు. అది ఇప్పటి మాల్టా దీవి.

మనకూ అంతే. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి 17.75 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు “దేవుడున్నాడు, నేను కదలను” అని గోదారి మధ్యనున్న లంక ఊళ్లో కూర్చోకూడదు. దేవుడు కాపాడతాడని రాసి ఉన్న 91వ కీర్తననే చూపించి సాతాను యేసును దేవాలయ శిఖరం మీంచి దూకమన్నాడు. ఆయన దూకలేదు.

ఇక 46వ కీర్తన. మొదట సముద్రం ఘోషిస్తుంది, కొండలు కదులుతాయి. ఆ వెంటనే “ఒక నది కలదు, దాని కాలువలు దేవుని పట్టణమును” సంతోషపెడతాయని వస్తుంది. భయపెట్టిన నీళ్లే సంతోషపెట్టడం ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు వింతగా ఉంటుందేమో గాని, మీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. ఇవాళ మన వంటింట్లోకి వచ్చిన గోదారే దాళ్వాకి, అంటే రెండో పంటకి, కాలువల్లో రావాలి.

రాత్రి వాన చప్పుడుకి నిద్ర పట్టక, స్తుతించడానికి నోరు రాకపోతే కంగారు పడకండి. 88వ కీర్తన చివరిదాకా చీకటి గురించే. అలా మొరపెట్టుకోవడమూ ప్రార్థనే.

తడిసిన బైబిళ్ల గురించి టెన్షన్ వద్దు. ఎండలో పెట్టకుండా, పేజీలు విడదీసి నీడలో, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. 46వ కీర్తన 11 వచనాలే. ఆదివారానికి ఎన్ని వస్తే అన్ని కంఠతా పట్టి రండి. చిన్నవాళ్లకు మొదటి వచనం చాలు.

మీ తాతయ్య