రెండు సెంట్లకు పాట: జాజ్ స్టాండర్డ్‌ల వెనుక కథ

1960 అక్టోబరులో న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోలో జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ తన బృందంతో ఒక పాట వాయించారు. అప్పటికి ఆ పాట పుట్టి ఏడాది కూడా కాలేదు. ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ అనే సంగీత నాటకం 1959 నవంబరులో బ్రాడ్‌వేలో మొదలైంది. భయం వేసినప్పుడు ఇష్టమైనవన్నీ తలచుకుంటే మనసు కుదుటపడుతుందని చెప్పే ‘మై ఫేవరిట్ థింగ్స్’ అందులోది. బాణీ రిచర్డ్ రాడ్జర్స్‌ది, సాహిత్యం ఆస్కార్ హామర్‌స్టీన్‌ది. ఈ రికార్డింగుకు రెండు నెలల ముందే హామర్‌స్టీన్ కన్నుమూశారు. జూలీ ఆండ్రూస్ నటించిన సినిమా రావడానికి ఇంకా ఐదేళ్లు పడుతుంది.

ఆ రికార్డు విన్నవారెవరూ దాన్ని పిల్లల పాట అనుకోరు. మెకాయ్ టైనర్ పియానో మీద రెండే రెండు స్వరగుచ్ఛాలను (ఒకేసారి మోగే స్వరాల కూర్పులు, కార్డ్‌లు) పట్టుకుని ఊయల ఊపినట్టు తిప్పుతూ ఉంటారు. మూడు మాత్రల వాల్ట్జ్ నడక కింద ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ అలల్లా వచ్చి పోతుంటాయి. స్టీవ్ డేవిస్ బాస్ కదలకుండా నేల పట్టుకుని ఉంటుంది. కోల్ట్రేన్ తనకు అలవాటైన టెనర్ సాక్సోఫోన్ పక్కన పెట్టి, ఆ రోజుల్లో జాజ్‌లో అరుదుగా వినిపించే సొప్రానో సాక్సోఫోన్ తీసుకున్నారు. దాని గొంతు సన్నన, కొంచెం ముక్కుతో పలికినట్టు ఉంటుంది. నాదస్వరం వినే అలవాటున్న మన చెవులకు అది కొత్త అనిపించదు. అసలు చమత్కారం మరొకటి. నాటకంలో ప్రతిసారీ పాటను ముగించే చివరి భాగాన్ని ఆయన దాచిపెట్టారు. అది పదమూడు నిమిషాల పైచిలుకు ప్రయాణమంతా అయ్యాక, చిట్టచివరకు వినిపిస్తుంది.

1961లో అదే పేరుతో ఆల్బమ్ వచ్చింది. అందులో నాలుగే ట్రాకులు: రాడ్జర్స్ పాట, కోల్ పోర్టర్ పాట, జార్జ్ గెర్ష్విన్ పాటలు రెండు. కోల్ట్రేన్ సొంత రచన ఒక్కటీ లేదు. ఏడాది ముందు వచ్చిన ‘జయంట్ స్టెప్స్’లో ఏడుకు ఏడూ ఆయన రచనలే. ఆ ఆల్బమ్‌లో ఆయన స్వరగుచ్ఛాలను గంతులు వేయించిన పద్ధతికి సంగీతజ్ఞులు తర్వాత ఆయన పేరే పెట్టారు. ఆ పద్ధతినే తెచ్చి గెర్ష్విన్ ‘బట్ నాట్ ఫర్ మీ’ పాటలో అమర్చారు. పైన గెర్ష్విన్ బాణీ, కింద కోల్ట్రేన్ కట్టిన కొత్త నేల. అయినా లేబుల్ మీద స్వరకర్తగా ఉన్నది గెర్ష్విన్ పేరే, పాట రాయల్టీ వెళ్లేదీ ఆ వైపుకే. కోల్ట్రేన్‌కు దక్కేది కంపెనీతో ఒప్పందం ప్రకారం వాయించినందుకు వచ్చే వాటా మాత్రమే.

ఈ లెక్క ఎక్కడిది? జాజ్‌లో ఇతరుల పాటలను తిరగరాసే ఆల్బమ్‌లు ఇన్ని ఎందుకు వచ్చాయంటే కళాకారుల అభిరుచి అని చెప్పడం పరిపాటి. నాకు మాత్రం ఆ కథ సగం చట్టసభలోనూ సగం కంపెనీల ఖాతా పుస్తకాల్లోనూ ఉందనిపిస్తుంది.

మొదట వచ్చింది పియానో. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికా ఇళ్లలో తనంతట తాను వాయించుకునే పియానోలు ఉండేవి. రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్టను అందులో ఎక్కిస్తే చాలు, పాట మోగేది. ఆ చుట్టలు చేసిన కంపెనీ తమ పాటలకు డబ్బు ఇవ్వలేదని ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. కాగితం మీది రంధ్రాలను మనిషి చదవలేడు కాబట్టి అది పాటకు ‘నకలు’ కాదని సుప్రీంకోర్టు 1908లో తీర్పు చెప్పింది. మరుసటి ఏడాదే కాంగ్రెస్ కొత్త కాపీరైట్ చట్టం తెచ్చింది. పాటను యంత్రంలోకి ఎక్కించే హక్కు పాట యజమానిదే అంది. అయితే ఏయోలియన్ అనే పెద్ద కంపెనీ అప్పటికే ప్రచురణకర్తలతో ముందస్తు ఒప్పందాలు చేసుకుంటోంది. హక్కంతా ఒక్కరి గుప్పిట్లోకి పోతుందని భయపడి చట్టసభ ఒక మెలిక పెట్టింది. యజమాని అనుమతితో ఒక్కసారి రికార్డయిన పాటను ఆ తర్వాత ఎవరైనా రికార్డు చేసుకోవచ్చు. అనుమతి అడగనక్కరలేదు, కాపీకి రెండు సెంట్లు కడితే చాలు.

ఆ రెండు సెంట్లు 1978 దాకా రెండు సెంట్లే. మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు, ఒక మహా మాంద్యం గడిచిపోయాయి, ధర మాత్రం కదలలేదు. జాజ్ పెరిగింది ఈ నీడలోనే.

న్యూయార్క్‌లో వెస్ట్ 28వ వీధి చుట్టూ పాటల ప్రచురణకర్తల దుకాణాలు గుమిగూడాయి. ఆ పేటనే టిన్ పాన్ ఆలీ అన్నారు. అక్కడి నుంచి, బ్రాడ్‌వే నాటకాల నుంచి వచ్చిన పాటల్లో చాలావాటికి ఒకే కొలత ఉండేది: ఎనిమిదేసి బార్ల (తాళపు కొలతల) నాలుగు ముక్కలు, మొత్తం ముప్పై రెండు. మూడో ముక్క దారి మార్చుతుంది, నాలుగోది మళ్లీ ఇంటికి తెస్తుంది. ఈ చట్రం తెలిస్తే అంతకుముందు ఎన్నడూ కలవని నలుగురు వాద్యకారులు ఒక రాత్రి ఒకే వేదిక ఎక్కి, పాట పేరు చెప్పుకుని వాయించేయవచ్చు. అందరికీ తెలిసి ఉండాల్సిన అలాంటి పాటలే స్టాండర్డ్‌లయ్యాయి.

మనకిది అంత వింత విషయం కాదు. కచేరీలో కృతిలోని ఒక పాదాన్ని పట్టుకుని, సాహిత్యం మారకుండా, తాళం తప్పకుండా పదిరకాలుగా తిప్పే నెరవు మనకుంది, కల్పనస్వరాలున్నాయి. జాజ్ వాద్యకారుడు చేసేదీ మనోధర్మమే. కాకపోతే త్యాగరాజస్వామికి ప్రచురణకర్త లేడు.

1939 అక్టోబరు 11న సాక్సోఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ ‘బాడీ అండ్ సోల్’ వాయించారు. 1930 నాటి పాట అది. బాణీని మొదటి కొద్ది బార్లలో పలకరించి వదిలేశారు. మిగిలినదంతా, రెండు పూర్తి ఆవృత్తాల మేర, ఆయన అక్కడికక్కడ అల్లినదే. అయినా జనం ఆ రికార్డును ఎగబడి కొన్నారు. పాట ఆనవాలు కూడా లేకుండా పాటను వినిపించవచ్చని, దాన్ని అమ్మవచ్చని కూడా అప్పుడు తేలింది.

తర్వాతి తరం అదే లెక్కను ఇంకో వైపు నుంచి చదివింది. కాపీరైట్ ఉండేది బాణీకి. కింద నడిచే స్వరగుచ్ఛాల వరుసకు సాధారణంగా లేదు. అలాంటప్పుడు వరుసను ఉంచుకుని బాణీని తీసేస్తే? 1945 నవంబరు 26న సవాయ్ కంపెనీకి సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ బృందం రికార్డు చేస్తోంది. ఒక టేక్‌లో వారు ‘చెరోకీ’ అనే ప్రసిద్ధ పాట బాణీలోకి వెళ్లగానే మధ్యలోనే ఆపేశారు. ఆ తెగిన ముక్కను ఈనాటికీ వినవచ్చు. తర్వాత బాణీ లేకుండా వాయించినదే ‘కో-కో’, స్వరకర్త చార్లీ పార్కర్. కింద నడిచేది ‘చెరోకీ’ వరుసే. చిన్న కంపెనీలకు ఇది లాభసాటి. బయటి ప్రచురణకర్తకు రెండు సెంట్లు కట్టనక్కరలేదు, కొత్త రచన హక్కులు చాలాసార్లు తమ దగ్గరే ఉండిపోతాయి. ‘హౌ హై ద మూన్’ మీద ‘ఆర్నిథాలజీ’ పుట్టింది. గెర్ష్విన్ ‘ఐ గాట్ రిథమ్’ మీద ఎన్ని పుట్టాయో లెక్కలేదు. ఆ వరుసకు వాద్యకారులు ‘రిథమ్ చేంజెస్’ అని పేరు పెట్టుకున్నారు. కొన్నిటికి వంశవృక్షమే ఉంది. కోల్ పోర్టర్ 1929 నాటి పాట తాత, టాడ్ డామెరాన్ ‘హాట్ హౌస్’ కొడుకు, కోల్ట్రేన్ ‘ఫిఫ్త్ హౌస్’ మనవడు.

పాటల యాజమాన్యం జాజ్ దారిని ఎంతగా మళ్లించగలదో 1941లో రేడియోలో కనిపించింది. రుసుము పెంపు మీద రచయితల సంఘం ఆస్కాప్‌కూ రేడియో యాజమాన్యాలకూ చెడి, ఆ జనవరి 1 నుంచి సంఘం సభ్యుల పాటలు గాలిలోంచి మాయమయ్యాయి. కాపీరైట్ తీరిపోయిన పాత పాటలతో స్టేషన్లు రోజులు నెట్టుకొచ్చాయి. జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ సభ్యుడు కావడంతో తన రచనలను తానే రేడియోలో వాయించలేని పరిస్థితి వచ్చింది. ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ అప్పటికి సభ్యుడు కాదు. అందువల్ల స్ట్రేహార్న్ రాసిన ‘టేక్ ది ఎ ట్రెయిన్’ ఆ బృందపు ముఖగీతమైంది, ఆ తర్వాత ఎప్పటికీ అదే అయింది. పేచీ పుణ్యాన స్థిరపడిన స్టాండర్డ్ అది.

1948లో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డు తెచ్చింది. పక్కకు మూడు నిమిషాల కాలం పోయి ఇరవై నిమిషాల కాలం వచ్చింది. అంత జాగా నింపడానికి ఒక ఇతివృత్తం కావాలి. 1956లో నిర్మాత నార్మన్ గ్రాంజ్ తన కొత్త రికార్డు సంస్థ వెర్వ్‌కు గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ చేత రెండు రికార్డుల నిండా కోల్ పోర్టర్ పాటలు పాడించారు. ఆ వరుసలో రాడ్జర్స్-హార్ట్, ఎల్లింగ్టన్, బెర్లిన్, గెర్ష్విన్‌ల సంపుటాలు వచ్చాయి. 1964లో జానీ మెర్సర్‌తో అది ముగిసింది. నాటకాలు పోయాయి, పాటలు మిగిలాయి. ఆ మిగలడంలో ఈ సంపుటాల పాత్ర చిన్నది కాదు. అదే 1956లో డ్రమ్మర్ షెల్లీ మాన్, పియానిస్టు ఆంద్రే ప్రెవిన్, బాస్ వాయించే లెరాయ్ విన్నెగర్ కలిసి అప్పుడే బ్రాడ్‌వేలో ఆడుతున్న ‘మై ఫెయిర్ లేడీ’ పాటలతో ఆల్బమ్ చేశారు. అది బాగా అమ్ముడుపోవడంతో నాటకం మొదలైతే చాలు దాని జాజ్ రూపం తయారయ్యే ఆనవాయితీ ఏర్పడింది. కోల్ట్రేన్ ఏడాది నిండని పాటను ఎత్తుకోవడం అప్పటికి వింతేమీ కాదు. వింతంతా ఆయన దాన్ని తీసుకుపోయిన దూరంలోనే ఉంది. 1966లో టోక్యోలో అదే పాటను దాదాపు గంటసేపు వాయించారు. అప్పుడు పియానో దగ్గర ఉన్నది ఆయన భార్య ఆలిస్. ఆమె తర్వాత పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తురాలై, కాలిఫోర్నియాలో ‘సాయి అనంతం’ పేరుతో ఆశ్రమం నడిపి, భజనలు రికార్డు చేశారు.

బీటిల్స్ తర్వాత పాట రాసేవారే పాడటం మొదలైంది. పాట కన్నా రికార్డు ముఖ్యమైంది, కొత్త స్టాండర్డ్‌ల సరఫరా తగ్గింది. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1985లో మైకేల్ జాక్సన్ ‘హ్యూమన్ నేచర్’ వాయిస్తే పెదవి విరిచినవారున్నారు. పాతికేళ్ల ముందు ఆయనే స్నోవైట్ కార్టూన్ సినిమాలోని పాట వాయించిన సంగతి వారికి గుర్తులేదేమో. 1996లో పియానిస్టు హెర్బీ హాంకాక్ నిర్వాణా, ప్రిన్స్, పీటర్ గేబ్రియల్ వంటి రాక్, పాప్ కళాకారుల పాటలు తీసుకుని ఆ ఆల్బమ్‌కు ‘ద న్యూ స్టాండర్డ్’ అని పేరు పెట్టారు. మరో పియానిస్టు బ్రాడ్ మెల్దావ్ రాక్ బృందం రేడియోహెడ్ పాటలను తన కచేరీల్లో భాగం చేసుకున్నారు.

ఇంతలో పాత పాటలు ఒక దొంగ పుస్తకంలో తలదాచుకున్నాయి. 1970ల మధ్యలో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాల చుట్టుపక్కల ‘ద రియల్ బుక్’ పుట్టింది. చేతిరాత, స్పైరల్ బైండింగ్, పాటకు దాదాపు ఒక పేజీ: బాణీ, దాని మీద స్వరగుచ్ఛాల పేర్లు. ఎవరికీ రాయల్టీ లేదు. పుస్తకాల షాపు బల్ల కిందినుంచి, చేతుల మీదుగా అమ్ముడుపోయింది. తప్పులూ అలాగే అచ్చయ్యాయి, ఆ తప్పులనే ఒక తరం నేర్చుకుంది. 2004లో హాల్ లెనార్డ్ సంస్థ హక్కులు కొని చట్టబద్ధమైన ముద్రణ తెచ్చింది. అయినా అక్షరాలు చేతిరాతలాగే కనిపించేటట్టు ఉంచింది. దొంగ పుస్తకపు ముఖం ఉంటేనే వాద్యకారులు నమ్ముతారన్నమాట.

1976 నాటి అమెరికా చట్టం పాత ఏర్పాటును కొనసాగిస్తూ ఒక మాట స్పష్టం చేసింది. ఈ లైసెన్సు కింద రికార్డు చేసేవారు పాటను తమ శైలికి తగ్గట్టు మలచుకోవచ్చు, కానీ ప్రధాన బాణీనీ మౌలిక స్వభావాన్నీ మార్చరాదు. అంతకన్నా ముఖ్యమైనది, పాట యజమాని ఒప్పుకుంటే తప్ప అలా మలచిన మార్పులకు విడిగా కాపీరైట్ దక్కదు. జాజ్‌లో సొగసంతా ఆ మార్పుల్లోనే ఉంది. మామూలు రేడియోలో ఆ రికార్డు మోగినప్పుడు కూడా అమెరికాలో డబ్బు పాట రచయిత వైపుకే వెళుతుంది. వాయించినవారికి ఏమీ రాదు.

మన చట్టం ఇంకా బిగువైనది. 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా చట్టబద్ధ లైసెన్సు మీద కవర్ వెర్షన్ చేయాలంటే మొదటి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలి. రికార్డింగుకు సాంకేతికంగా అవసరమైనవి తప్ప సాహిత్యంలో, సంగీతంలో మార్పులు చేయరాదు. 1960 అక్టోబరులో కోల్ట్రేన్‌కు ఈ నియమం వర్తించి ఉంటే రాడ్జర్స్ ఇంటి తలుపు తట్టాల్సి వచ్చేది. వేదికల మీద పాడటానిది వేరే హక్కు. 2017లో తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా తరఫున బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు అందినప్పుడు తెలుగు ఇళ్లలో చాలామంది ఆ మాట మొదటిసారి విన్నారు. పాట పాడినవారిది కాదా అని అడిగారు.

2026 జనవరి 1 నాటికి, ప్రచురణ జరిగి 95 ఏళ్లు నిండడంతో, 1930 నాటి పాటలకు అమెరికాలో కాపీరైట్ తీరిపోయింది. ‘బాడీ అండ్ సోల్’, ‘ఐ గాట్ రిథమ్’, కోల్ట్రేన్ కొత్త నేల వేసిన ‘బట్ నాట్ ఫర్ మీ’ ఇప్పుడు ఎవరివైనా కావచ్చు. ఆ ఆల్బమ్‌లోని ‘సమ్మర్‌టైమ్’ 2031లో, కోల్ పోర్టర్ పాట 2040లో, ‘మై ఫేవరిట్ థింగ్స్’ 2055లో అదే దారి పడతాయి. రికార్డింగుల గడువు వేరు. ఆ రోజు స్టూడియోలో సొప్రానో సాక్సోఫోన్ పలికిన ఆ పదమూడు నిమిషాల మీద కంపెనీ హక్కు 2067 ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. కోల్ట్రేన్ చనిపోయింది 1967 జులైలో.