కమ్యూనిటీ హెల్త్ ఎడ్యుకేషన్ చదువు: అపోహలు - వాస్తవాలు

ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) కోర్సులో చేరాలనుకునేవారు, ముఖ్యంగా అందులో ఆరోగ్య విద్యను (హెల్త్ ఎడ్యుకేషన్) ప్రధానాంశంగా తీసుకోవాలనుకునేవారు అడిగే ప్రశ్నల వెనుక కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. ఈ రంగంలో పనిచేస్తూ, క్షేత్రశిక్షణకు వచ్చే విద్యార్థులతో ఊళ్లు తిరిగే వ్యక్తిగా వాటికి వివరంగా సమాధానం చెప్పడం అవసరమనిపించింది.

అపోహ: ఇది చదివితే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉద్యోగం వస్తుంది, చిన్నపాటి వైద్యం చేయవచ్చు.

పేర్లు దగ్గరగా ఉండడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు ప్రధానంగా బీఎస్సీ నర్సింగ్ చదివి, సామాజిక ఆరోగ్యంలో శిక్షణ పొందినవారు. ఆరోగ్య విద్యలో పట్టా ఉన్నంత మాత్రాన మందు రాసే అర్హత రాదు. మరోవైపు, ఈ చదువు వైద్య విద్యార్థులకే పరిమితం కూడా కాదు. ఎంపీహెచ్ నడిపే సంస్థల్లో చాలావరకు సామాజిక శాస్త్రాలు, పోషకాహారం, ఫార్మసీ వంటి నేపథ్యాల నుంచి వచ్చినవారినీ చేర్చుకుంటాయి. మన దగ్గర హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఎంపీహెచ్ ఉంది. ఆరోగ్య విద్యలోనే పీజీ డిప్లొమా కావాలనుకునేవారికి తమిళనాడులోని గాంధీగ్రామ్ సంస్థ చాలాకాలంగా చిరునామాగా ఉంది.

అపోహ: చేతులు కడుక్కోండి, నీళ్లు కాచి తాగండి అని చెప్పడానికి డిగ్రీ ఎందుకు?

నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇదే. చెప్పడమే పని అయితే డిగ్రీ అక్కర్లేదన్న మాట నిజమే. కానీ ఈ చదువు మొదలయ్యేది చెప్పిన తరువాత కూడా జనం ఎందుకు పాటించలేదన్న ప్రశ్న దగ్గర. 1950లలో అమెరికాలో క్షయను గుర్తించే ఎక్స్‌రే పరీక్షలను ఉచితంగా, ఇళ్ల సమీపానికే వాహనాల్లో తీసుకెళ్లినా అనుకున్నంత మంది రాలేదు. కారణం వెతికిన మనస్తత్వ శాస్త్రవేత్తలకు తేలిందేమిటంటే, ఆ జబ్బు తనకూ రావచ్చని, లక్షణాలు లేనప్పుడే పట్టుకుంటే మేలని నమ్మినవారే పరీక్షకు ముందుకు వచ్చారు. హెల్త్ బిలీఫ్ మోడల్ అనే పేరుతో తరగతిలో నేర్పేది అక్కడి నుంచి పుట్టినదే.

గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల సంగతే చూడండి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. మాత్రలు ఉచితం, ఇంటికే వస్తాయి, రక్తహీనత గురించి ప్రతి సమావేశంలో చెబుతూనే ఉంటారు. అయినా ఎన్నో ఇళ్లలో అవి గూట్లోనే ఉండిపోతాయి. “మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?” అని అడిగితే “వేసుకుంటున్నానండి” అనే జవాబు తప్ప మరొకటి రాదు, ఎందుకంటే ఆ ప్రశ్నలోనే కావలసిన జవాబు ఉంది. “ఇవి వేసుకున్నాక ఒంట్లో ఎలా ఉంటోంది?” అని అడిగి, కాసేపు ఓపికగా కూర్చుంటే అసలు విషయాలు బయటికి వస్తాయి: పరగడుపున వేసుకుంటే వాంతి వచ్చినట్లుంటోందని, మలం నల్లగా అవుతుంటే భయమేసిందని, బిడ్డ బాగా పెరిగిపోతే కాన్పు కష్టమవుతుందని అత్తగారు వద్దన్నారని. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పరిష్కారం ఉంది. భోజనం తరువాత వేసుకోవడం, టీకీ మాత్రకూ మధ్య ఎడం ఉంచడం, నలుపు రంగు ఇనుము వల్ల వచ్చేదేనని ముందే చెప్పి ఉంచడం, అత్తగారితో విడిగా మాట్లాడడం. అదే కరపత్రాన్ని రెండోసారి పంచినందువల్ల వీటిలో ఏదీ జరగదు.

అలా ప్రశ్న వేయడం, జనం మధ్య చర్చ నడపడం, బొమ్మల చార్టును అచ్చు వేయించక ముందే పదిమందికి చూపించి “ఇందులో మీకేం కనిపిస్తోంది?” అని పరీక్షించడం, అన్నీ నేర్చుకుంటే వచ్చే నైపుణ్యాలే. బంగ్లాదేశ్‌లో 1980 నుంచి 1990 వరకు బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా కార్యకర్తలు కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లి, విరేచనాలైన పిల్లలకు ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు ఎలా తయారు చేయాలో తల్లుల చేతనే చేయించి నేర్పారు. తరువాత తనిఖీకి వచ్చినవారు తల్లికి ఎంతవరకు గుర్తుందో చూసేవారు. కార్యకర్త వేతనం తల్లికి గుర్తున్నదానిపైనే ఆధారపడేది. ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్క కాకుండా తల్లికి ఏం వచ్చిందన్న లెక్క పెట్టడంలోని తేడాను ప్రతి విద్యార్థీ గమనించాలని నా కోరిక.

అపోహ: చైతన్యం వస్తే ఆరోగ్యం దానంతటదే వస్తుంది.

ఇది మా రంగంలోని వారికే ఎక్కువగా ఉన్న అపోహ. తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన ప్రాంతాల్లో, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ బాధ దేశమంతా తెలిసినదే. ఆ బోరు నీళ్లు తాగితే ఎముకలు వంకరపోతాయని అక్కడివారికి బోధించడంలో అర్థం లేదు, వారికి మనకన్నా బాగా తెలుసు. కావలసింది వేరే నీళ్లు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సులో వెలువడిన 1986 నాటి ఒటావా ప్రకటన ఆరోగ్య ప్రోత్సాహంలో వ్యక్తి నైపుణ్యాలతో పాటు ప్రభుత్వ విధానాన్ని, పరిసరాలను కూడా చేర్చింది. శ్రీకాకుళం ఉద్దానంలో పరిస్థితి మరోలా ఉంది. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. అలాంటి చోట ఏదో ఒక కారణాన్ని ఖాయంగా చెప్పి ధైర్యం ఇవ్వడం ఆరోగ్య విద్య కాదు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం, డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు వాడకపోవడం, బీపీని అదుపులో ఉంచుకోవడం వంటి తెలిసిన మాటలకే పరిమితం కావాలి.

అపోహ: లెక్కలంటే భయపడేవారికి అనువైన కోర్సు.

ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంక శాస్త్రం) తప్పించుకోలేరు. ఒక మండలంలో బీపీ ఉన్నవారు నిరుటికంటే రెట్టింపు కనిపించారంటే జబ్బు పెరిగిందా, పరీక్షలు పెరిగాయా అన్నది తేల్చలేనివారు అక్కడ ఏ కార్యక్రమమూ రూపొందించలేరు.

అపోహ: ఉద్యోగాలు లేవు. లేదా, అమెరికా వెళ్తే ఢోకా లేదు.

రెండూ సగం నిజాలే. ప్రభుత్వంలో ఈ డిగ్రీని నేరుగా అడిగే శాశ్వత పోస్టులు తక్కువ. జాతీయ ఆరోగ్య మిషన్ కింద వచ్చేవి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు. స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన ప్రాజెక్టులు తీసుకుంటాయి, ప్రాజెక్టు ముగిశాక మళ్లీ వెతుక్కోవలసి రావచ్చు. ఇంట్లో వారికి ఈ విషయం ముందే చెప్పి చేరడం మంచిది. అమెరికాలో ఈ రంగానికి సీహెచ్‌ఈఎస్ (సర్టిఫైడ్ హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్) అనే ధ్రువీకరణ పరీక్ష ఉంది. దానికి డిగ్రీతో పాటు ఆరోగ్య విద్య కోర్సుల్లో నిర్ణీత క్రెడిట్లు ఉండాలి. మన విద్యార్థులు చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ అక్కడి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల జాబితాలో ఉన్నాయి, ఆరోగ్య విద్య లేదు. స్టెమ్ కోర్సు చదివినవారికి చదువు తరువాత అక్కడ పనిచేయడానికి ఇచ్చే 12 నెలల ఓపీటీ అనుమతిపై మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది, మిగిలినవారికి దొరకదు. అప్పు చేసి వెళ్లేవారు ఫీజు కట్టక ముందే, విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో తమ కోర్సుకు ఏ సీఐపీ కోడ్ (కోర్సు ఏ విభాగానికి చెందుతుందో తెలిపే సంఖ్య) వేస్తారో విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.