గట్టు జరగకుండా

2016 అక్టోబరు 28న షికాగో ఓహేర్ విమానాశ్రయంలో ఒక బోయింగ్ 767 టేకాఫ్ కోసం పరుగెడుతుండగా కుడి ఇంజన్‌లోని టర్బైన్ డిస్కు (బ్లేడులు బిగించి ఉండే, గిర్రున తిరిగే లోహపు చక్రం) పగిలిపోయింది. ఒక ముక్క దాదాపు 900 మీటర్ల అవతల గోదాము కప్పుని చీల్చుకుని పడింది. రెక్క అంటుకుంది, అయినా అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. డిస్కు ఇంకోనెల్ 718 అనే నికెల్ మిశ్రమం. పగుళ్ళు ఒక ‘మురికి తెల్లమచ్చ’ దగ్గర మొదలయ్యాయని దర్యాప్తులో తేలింది. ఆ మచ్చ ఏమిటో తెలియాలంటే ముందు పొలం గట్ల దగ్గరికి వెళ్ళాలి.

లోహాన్ని మాగాణి అనుకోండి. ఒక్కో మడి ఒక్కో గ్రెయిన్, అంటే ఒక చిన్న స్ఫటికం. మడిలో అణువులు వరసగా నాటిన నారులా ఉంటాయి. పక్క మడిలో వరస ఇంకో దిక్కుకి తిరిగి ఉంటుంది. రెండు వరసలూ పొసగని చోటే గట్టు. గట్టు కింద నేల దండగ అని రైతంటాడు, లోహం లెక్కా అంతే. గట్టు ఎంత పొడవుంటే అంత శక్తి ఖర్చు. అందుకే వేడెక్కి అణువులకి కాస్త కదలిక రాగానే గట్లు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. ఏటా దున్నేటప్పుడు పెద్ద ఆసామి చాలు చొప్పున గట్టు జరిపినట్టు, పెద్ద గ్రెయిన్ చిన్నదాన్ని మింగేస్తుంది. పోలిక ఒక్కచోట తప్పుతుంది: ఆసామిని నడిపేది ఆశ, గట్టుని నడిపేది దాని వంపు.

డిస్కు చెయ్యడానికి వేడి లోహాన్ని ప్రెస్ కింద నలుపుతారు, అదే ఫోర్జింగ్. అలా నలిగితే వరసలు చెదురుతాయి. చెదిరినచోట, ఆ వేడిలోనే, కొత్త చిన్న మడులు పుడతాయి. దీన్నే పునఃస్ఫటికీకరణం అంటారు. కమతాలు పంచడం తేలికే, నిలబెట్టడమే కష్టం. దానికి హద్దురాళ్ళు కావాలి.

718లో సుమారు 5 శాతం నియోబియం ఉంటుంది. 900 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే అది నికెల్‌తో కలిసి డెల్టా అనే కణాలుగా బయటపడుతుంది. అవే రాళ్ళు. గట్టు జరుగుతూ వచ్చి రాయిని తాకితే, రాయి ఉన్న మేరకి గట్టు కట్టనక్కర్లేదు, అంత ఆదా. రాయిని దాటాలంటే ఆ ముక్క మళ్ళీ కట్టాలి. అందుకని అక్కడే చిక్కుకుంటుంది. భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ జీనర్ పేరుతో ఉన్న సూత్రం ప్రకారం మడి ఎంత పెరగగలదన్నది రాయి సైజుని మొత్తం రాళ్ళ వాటాతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. అంటే అదే సరుకుతో సగం సైజు రాళ్ళు చేస్తే మడి కూడా సగానికే ఆగుతుంది. అలాగని ఎడాపెడా రాళ్ళు పాతకూడదు. 718కి అసలు బలం ఇచ్చే అతిసూక్ష్మ కణాలకీ కావలసింది ఆ నియోబియమే.

సుమారు 1020 డిగ్రీలు దాటితే ఈ రాళ్ళు కరిగిపోతాయి. అందుకే సన్న గ్రెయిన్ కావాలనుకుంటే చివరి దెబ్బలు అంతకు కాస్త కిందనే కొట్టాలి. టెన్షన్ అంతా ఇక్కడే. కొలిమి మీటరు 1000 చూపిస్తుంటుంది, కానీ వేగంగా నలిపితే లోహం తనంతట తానే వేడెక్కి, ముక్క నడిమధ్యలో రాళ్ళు కరిగి గ్రెయిన్లు ఉబ్బుతాయి. డైకి (ప్రెస్‌లోని అచ్చుకి) ఆనుకున్న పైపొరేమో చల్లబడి సరిగ్గా నలగదు, పాత పెద్ద మడులు అలాగే మిగులుతాయి. ఒకే డిస్కులో రెండు ఊళ్ళు! ప్రెస్‌కి నిమ్మకాయలు కట్టడం మీద నాకు పేచీ లేదు గానీ, కొలిమి నుంచి డై దాకా పట్టే ఆ కొద్ది సెకన్లే అసలు ముహూర్తం.

గ్రెయిన్ కొలతకి వాడే నంబరు విద్యార్థుల్ని తికమక పెడుతుంది. వంద రెట్లు పెంచి చూస్తే చదరపు అంగుళంలో 8 గ్రెయిన్లుంటే నంబరు 4, 512 ఉంటే 10. నంబరు పెరిగితే గ్రెయిన్ చిన్నది: 4 అంటే సుమారు 90 మైక్రాన్లు, 10 అంటే 11. మాటిమాటికీ బిగిసి వదులయ్యే డిస్కుకి చిన్నవే మేలు, గట్టు గట్టుకీ పగులుకి అడ్డం. ఎర్రటి వేడిలో మెల్లగా సాగిపోయే బ్లేడుకి మాత్రం గట్లే బలహీనత.

ఇక ఆ మచ్చ. తెల్లమచ్చ అంటే నియోబియం తక్కువైన చోటు. రాళ్ళు చేసే సరుకే లేదు కాబట్టి అలాంటి చోట గ్రెయిన్లు సాధారణంగా పెద్దవవుతాయి. మురికి అన్నది అందులో చిక్కిన ఆక్సైడు, నైట్రైడు తునకల వల్ల. ఇది ఫోర్జింగ్‌లో పుట్టింది కాదు, అంతకు ముందే దిమ్మెని కరిగించి గడ్డకట్టించేటప్పుడు చేరింది. తయారీ నాటి తనిఖీల్లో ఇది దొరికే అవకాశం దాదాపు లేదని దర్యాప్తు సంస్థ రాసింది.