అప్పు రాసిన చోటే పుట్టే రూపాయి

చిట్టీ పాడితే చేతికొచ్చే లక్ష మిగతా సభ్యుల జేబుల్లోంచి వచ్చిందే. వడ్డీ వ్యాపారి ఇచ్చే లక్షా అంతే. ఆయన బీరువాలో తగ్గితేనే మన చేతిలో పెరుగుతుంది. బ్యాంకు లెక్క వేరు. అది లోనిచ్చినప్పుడు ఏ డిపాజిటరు ఖాతాలోనూ పైసా తగ్గదు. ఒకరు దాచుకున్నది తీసి ఇంకొకరికి ఇస్తుందన్న కథ పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం నడిచింది. 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన త్రైమాసిక పత్రికలోనే ఆ వరసను తిరగేసింది: ముందు అప్పు, దాని వెంట డిపాజిట్.

ఒక ఇంటి లోను పద్దు చూద్దాం. ఇల్లు 50 లక్షలు, లోను 40 లక్షలు. రిజిస్ట్రేషన్ రోజున బ్యాంకు రెండు పద్దులు రాస్తుంది. కొన్నవారి లోను ఖాతాలో 40 లక్షల డెబిట్. అది బ్యాంకుకు రావలసింది. అమ్మినవారి సేవింగ్స్ ఖాతాలో 40 లక్షల క్రెడిట్. అది బ్యాంకు ఇవ్వవలసింది. ఒక్క నోటు కదల్లేదు. పొద్దున దేశంలో ఎక్కడా లేని 40 లక్షలు సాయంత్రానికి ఉన్నాయి.

మరైతే బ్యాంకు ఎంతంటే అంత రాసుకోవచ్చా? కుదరదు. అమ్మినవారి ఖాతా వేరే బ్యాంకులో ఉంటే, ఆ 40 లక్షలూ ఆర్‌టీజీఎస్ (బ్యాంకుల మధ్య పెద్ద చెల్లింపుల వ్యవస్థ) ద్వారా రిజర్వు బ్యాంకులోని తన ఖాతా నుంచి నిజంగా చెల్లించాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ల కోసం బ్రాంచీలు బోర్డులు కట్టేది ఇందుకే: రాసిన డబ్బు పక్క బ్యాంకుకు పోతే మళ్లీ ఎక్కడినుంచో తెచ్చుకోవాలి కదా. డిపాజిట్లలో 3 శాతం నగదు నిల్వగా రిజర్వు బ్యాంకు దగ్గర పెట్టాలి (2025 నవంబరు చివరి నుంచి ఇదీ రేటు). మరో 18 శాతం ఎక్కువగా ప్రభుత్వ బాండ్ల రూపంలో ఉండాలి. అసలు కళ్లెం మాత్రం మూలధనం. పై ఇంటి లోనుకు రిస్కు వెయిటు (లోనులో ఎంత భాగాన్ని రిస్కుగా లెక్కగట్టాలన్న శాతం) 35 శాతం, అంటే 14 లక్షలు. దాని మీద 11.5 శాతం చొప్పున 1,61,000 రూపాయల మూలధనం, అంటే చాలావరకు వాటాదారుల సొంత సొమ్ము, ఉండాలి. నగదు నిల్వ ఒక్కటే కళ్లెమైతే 3 శాతానికి మొత్తం డబ్బు రిజర్వు బ్యాంకు పుట్టించినదానికి 33 రెట్లు పెరగాలి. మన దేశంలో అది ఐదారు రెట్లే ఉంటోంది.

పుట్టిన డబ్బు చస్తుంది కూడా. ఆ 40 లక్షల మీద 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు 34,713 కిస్తీ. మొదటి నెలలో 28,333 వడ్డీకే పోతుంది. అసలులో జమయ్యేది 6,380. ఆ 6,380 లోను ఖాతాలో చేరగానే మాయమవుతుంది, ఎవరి జేబులోకీ వెళ్లదు. వడ్డీ మాత్రం మాయం కాదు. డిపాజిటర్ల వడ్డీగా, సిబ్బంది జీతాలుగా, అద్దెలుగా చాలావరకు మళ్లీ జనం ఖాతాల్లోకే వస్తుంది. అందరూ ఒకేసారి బాకీలు తీర్చేసి కొత్త లోన్లు ఆగిపోతే బజారు ఎండిపోయేది ఇందుకే.

నోట్ల సంగతి క్లుప్తంగా. నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బోనీల్లో ముద్రిస్తారు. నాణేలు కొట్టే నాలుగు టంకశాలల్లో ఒకటి మన చర్లపల్లి. బ్యాంకు నోట్లు తీసుకుంటే రిజర్వు బ్యాంకులోని దాని ఖాతాలో అంత తగ్గుతుంది. అంటే అచ్చువేస్తే కొత్త డబ్బు పుట్టదు, ఉన్నది రూపం మారుతుంది. 2024 మార్చి నాటికి చెలామణిలోని నోట్లు సుమారు 35 లక్షల కోట్లు. బ్యాంకు డిపాజిట్లతో కలిపి జనం దగ్గరున్న మొత్తం డబ్బు దాదాపు 250 లక్షల కోట్లు. మిగతాదంతా పద్దుల్లో పుట్టిందే.

రిజర్వు బ్యాంకు పుట్టించేది ఇంకో దారిలో. బాండ్లో డాలర్లో కొని, అమ్మిన బ్యాంకు ఖాతాలో రూపాయలు రాస్తుంది. డల్లాస్ నుంచి అబ్బాయి పంపిన డాలరు చివరికి దిగుమతిదారు చేతికి పోతే ఆ కథ అక్కడితో సరి. రిజర్వు బ్యాంకే కొనుక్కుంటే కొత్త రూపాయలు వ్యవస్థలో మిగులుతాయి.

కొత్త డబ్బు ఎటు వెళ్లిందన్నదే సమాజానికి సంబంధించిన ప్రశ్న. మరమగ్గం కొనడానికిస్తే గుడ్డ పెరుగుతుంది. ఇప్పటికే ఉన్న స్థలం కొనడానికిస్తే స్థలం గజమైనా పెరగదు, గజం ధర పెరుగుతుంది. పెరిగిన ధరను చూపి తర్వాత కొనేవారు ఇంకా పెద్ద లోను అడుగుతారు. బ్యాంకుకు ఇది హాయి: తాకట్టు భద్రం, రిస్కు వెయిటు తక్కువ. అద్దెకుండేవారి పని మాత్రం ఎండమావి వెంట పరుగే.

అప్పు మొండిదైతే? ఇచ్చిన డబ్బు అప్పటికే ఎవరెవరి ఖాతాల్లోనో తిరుగుతుంటుంది, అది పోదు. పోయేది బ్యాంకు మూలధనం. 2018 మార్చి నాటికి మన బ్యాంకుల మొండి బాకీలు మొత్తం లోన్లలో 11 శాతం దాటాయి. దానికి ముందే, 2017 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన మందు 1.35 లక్షల కోట్ల బాండ్లు. ప్రభుత్వ బ్యాంకులే ఆ బాండ్లు కొన్నాయి, ఆ సొమ్మునే ప్రభుత్వం వాటాగా తిరిగి బ్యాంకుల్లో పెట్టింది. కుడిచేత్తో తీసుకుని ఎడమచేత్తో ఇచ్చినట్టుంటుంది గానీ, ఆ బాండ్ల మీద ఏటేటా వడ్డీ కట్టేది ఖజానా.

పల్లెలో ఇదే లెక్క ఇంకా కటువుగా కనిపిస్తుంది. పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవారికి 3 లక్షల దాకా పంట రుణం 7 శాతానికి దొరుకుతుంది. గడువులోగా కడితే రాయితీ పోను 4 శాతమే పడుతుంది. అది కొత్తగా పుట్టిన డబ్బు. అదే చేలో దున్నే కౌలు రైతు చేతిలో పుస్తకం ఉండదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, ఎవరో దాచుకున్న పాత డబ్బు తెచ్చుకుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలు కార్డు తెచ్చింది గానీ, దానికి భూమి యజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందేమోనని యజమాని వెనకాడతాడు. సంతకం పెట్టినా, ఆ సర్వే నంబరు మీద యజమాని పేరుతో అప్పటికే ఒక పంట రుణం నడుస్తుంటే మేనేజరు రెండోది రాయడానికి ఇష్టపడడు.