రిపోర్టులన్నీ నార్మల్, కాలు మాత్రం కదలదు: అపోహలు - వాస్తవాలు

కాలు పడిపోవడం, చెయ్యి వణకడం, ఫిట్స్ లాంటివి రావడం, స్కాన్‌లో మాత్రం ఏమీ కనిపించకపోవడం. ఇదే ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ (ఎఫ్ఎన్‌డి), అంటే మెదడు, నరాలు దెబ్బతినకపోయినా వాటి పనితీరు తప్పే జబ్బు. ఈ రోగులు మా న్యూరాలజీ ఓపీకి తరచుగా వస్తారు.

అపోహ: మనసుకు పెద్ద దెబ్బ తగలందే ఇది రాదు.

అణచిపెట్టిన బాధే శరీరంలో లక్షణంగా బయటపడుతుందని 1895లో వియన్నా వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్ రాశారు. ఆ మాట ఇంకా మా వార్డుల్లోనే తిరుగుతోంది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి వస్తే, కాలు పట్టి చూడకముందే "అత్తగారింట్లో ఏమైనా గొడవలా?" అని అడుగుతారు. లేవంటే "దాస్తోంది" అని రాసేసుకుంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

చిన్నప్పటి హింస, నిర్లక్ష్యం ఈ రోగుల్లో ఎక్కువగా కనిపించే మాట నిజమే. 2018లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ఆ సంగతి చెబుతూనే, అలాంటి అనుభవమే లేదన్నవాళ్లూ చాలామంది ఉన్నారని చూపించింది. బీపీ ఉంటే పక్షవాతం ముప్పు ఎక్కువ, కానీ బీపీ లేనివాళ్లకూ వస్తుంది కదా, ఇదీ అంతే. కొందరికి బండి మీంచి పడి కాలు బెణికాక మొదలవుతుంది, కొందరికి మైగ్రేన్ తర్వాత. మానసిక ఒత్తిడి ఉండి తీరాలన్న నిబంధనను డీఎస్ఎం-5 (మానసిక వ్యాధుల నిర్ధారణకు అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించే పుస్తకం) కూడా 2013లోనే తీసేసింది.

అపోహ: స్కాన్‌లో ఏమీ లేదు కాబట్టి ఇదే.

కాదు. పరీక్షలో గుర్తులు దొరకాలి. 1908లో అమెరికా వైద్యుడు హూవర్ చెప్పిన పరీక్షనే నేటికీ వాడుతున్నాం. ఒకమ్మాయి ఎడమ మడమ కింద అరచెయ్యి పెట్టి "కిందికి నొక్కమ్మా" అన్నాను. చలనం లేదు. "పోనీ, కుడికాలు ఎత్తు" అని ఆ తొడను రెండో చేత్తో అదిమిపట్టాను. ఎడమ మడమ నా చేతిని పరుపులోకి నొక్కేసింది! వాళ్లమ్మను పిలిచి ఆమె చెయ్యి కూడా పెట్టించాను. నరం బాగానే ఉంది, ధ్యాస కాలి మీదికి వెళ్తేనే మెదడు నుంచి ఆజ్ఞ సరిగా అందడం లేదు.

అపోహ: నాటకం.

కాదు. ఆ అమ్మాయి తనంతట తాను చేస్తున్నది కాదిది.

అపోహ: పాత గాయాన్ని తవ్వితీస్తే నయమైపోతుంది.

చాలామందికి ముందు కావలసింది జబ్బు గురించి అర్థమయ్యే వివరణ, ధ్యాస మళ్లిస్తూ నడిపించే ఫిజియోథెరపీ. గాయం నిజంగా ఉండి, నిద్రలో కూడా వెంటాడుతుంటే దానికీ చికిత్స చేయాలి, రోగి సిద్ధమైనప్పుడే. ఫిట్స్ విషయంలో ఒక జాగ్రత్త: కొందరికి నిజమైన మూర్ఛ (ఎపిలెప్సీ) కూడా కలిసే ఉంటుంది. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.